వెనక్కి తిరిగిన బేస్ పెట్టె

రాచర్లలో సౌండ్ సర్వీసు నడిపే కరుణాకరానికి ఒక్కటే పిచ్చి. పెళ్లయినా, తిరునాళ్లయినా, స్టేజీ పక్కన దరువు మోగించే బేస్ పెట్టెల్లో ఒకదాన్ని వెనక్కి తిప్పేస్తాడు. జనానికి దాని వీపే దర్శనం.

ఎందుకని అడిగితే పూటకో జవాబు. ఓసారి "అలిగింది మామా" అన్నాడు. ఇంకోసారి "వాస్తు" అన్నాడు.

"చర్చిలో తబలా కొట్టేవాడివి, నీకు వాస్తు ఏందిరా?" అన్నాను.

"నాకు లేదు మామా, పెట్టెకుంది."

ఇంట్లో వద్దంటున్నా మా అమ్మాయి శిల్ప పెళ్లికి అతణ్నే పిలిచాను. బేస్తవారిపేట నుంచి మగపెళ్లివారు దిగీ దిగగానే, పెళ్లికొడుకు మేనమామ కాటమరాజు కన్ను ఆ వీపు మీదే పడింది. పెద్ద గొర్రెల మంద ఉన్న ఆసామి ఆయన.

"ఏందిది? మాకు వీపు చూపిస్తారా? తిప్పు ముందుకు!"

"తిప్పను మామా."

"గిద్దలూరు నుంచి వేరే డీజేను పిలిపిస్తా!"

"పిలిపించుకోండి, సర్దుకోని పోతా. నేనుంటే మాత్రం ఇది ఇట్లనే ఉంటది."

మేనమామ అలిగితే పెళ్లికొడుకు పందిట్లోకి రాడు. "ఈ ఒక్కపూటకు తిప్పు నాయనా" అని కరుణాకరం గడ్డం పట్టుకున్నాను. గడ్డం నా చేతిలోనే ఉంది, తల మాత్రం అడ్డంగా ఊగింది.

"నేనే తిప్పుతా!" కాటమరాజు పంచె ఎగగట్టి స్టేజీ వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాడే! మేమిద్దరం పరుగెత్తాం.

వెనక ఒంటరి ముసలి మల్లమ్మ గొర్రెల దొడ్డి. ముందు పందిరి గుంజలు అదిరిపోతుంటే, ఇక్కడ చూడి గొర్రెలు పడుకుని తాపీగా నెమరేస్తున్నాయి. కాటమరాజు కంచె దగ్గర నోరు తెరిచి నిలబడ్డాడు.

"దరువుకు బెదిరి తొక్కులాడితే వీటి కడుపులు పోవాల్నే! ఏం చేసినావబ్బా?"

"పాట ఎటు తిప్పితే అటు పోతది మామా. దరువు అట్ల కాదు, నాలుగు దిక్కులా పాకతది. అందుకే దీనికి వైర్లు తిరగేసి, పిసరంత ఆలస్యంగా మోగిస్తా. వెనకపక్క ఆ పెట్టెల దరువూ దీని దరువూ ఒకదాన్నొకటి మింగేస్తాయి."

"ముందే చెప్పొచ్చు గదరా!" అన్నాను.

"యాడ పెట్టినా వెనక ఏదో ఒక ప్రాణి ఉంటది మామా. చెప్తే గొర్రెలను తోలుకపొమ్మంటారు. మల్లమ్మవ్వ ఒక్కతే యాడికి తోలుకపోతది?"

కాటమరాజు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద ముందుకు నడిచాడు. అప్పుడే ఆయన బంధువులు టపాకాయల సరం పరిచి అగ్గిపుల్ల గీయబోతున్నారు. కాటమరాజు వెళ్లి దానిమీద చతికిలబడ్డాడు.

"మామా, లెయ్యి! ముట్టించాల!"

"ముట్టించండ్రా చూస్తా!"

భోజనాలకు పిలిచినా లేవలేదు. విస్తరి అక్కడికే పంపించాను.