బావ కుక్కిన పత్తి

మా బావ మీద కోపం నాకిప్పటికీ చల్లారలేదు. ఇంగ్లీషు రాక్ పాటల్లో ఏది గొప్పదని మిరపకాయలు ఆరబోసే కల్లంలో మాకు రోజూ గొడవే. చేతులకి మిరప ఘాటని, నా పాట చివరి గిటారు రాకముందే మోచేత్తో టేప్‌రికార్డర్ ఆపేసేవాడు.

"ఏముందిరా ఇందులో? నాకు నచ్చిన బ్యాండు పాట వినరా!"

నా పాట ఎవరూ చెరపకుండా క్యాసెట్ వెనక ప్లాస్టిక్ బిళ్ళ విరిచేశాను; అది లేకపోతే రికార్డు బటన్ పడదు. బావేమో ఆ కన్నంలో పత్తి కుక్కి, నా పాట మీదే తన పాట రికార్డు చేశాడు, దుర్మార్గుడు!

మర్నాడు గర్వంగా వినిపించాడు. తన పాట పొట్టిది. అది అయిపోగానే చెరగకుండా మిగిలిన నా గిటారు మోగింది. బావ మోచెయ్యి కదల్లేదు.

"అబ్బ! ఇదేం పాటరా? మొదట్నించీ పెట్టు," అన్నాడు.