పెళ్ళికొడుకు నెత్తి మీది క్రాపు

గీత నోరు మంచిది కాదని అల్మాస్‌గూడలో సగంమంది అంటారు. మిగతా సగం ఆమె దగ్గర కటింగ్ చేయించుకుంటారు కాబట్టి ఏమీ అనరు. తల ఆమె చేతిలో పెట్టి, మెడ మీద మిషన్ నడుస్తుంటే ఎవడికి మాత్రం నోరు లేస్తుంది!

ఆమె భర్త జగన్ నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, ఎల్బీ నగర్ పోయే దారిలో చిన్న సెలూన్ పెట్టాడు. ఆ ఊరి వాళ్ళే చాలామంది చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళు మామూలు రోజుల్లో కటింగ్ ఎక్కడ చేయించుకున్నా, ఇంట్లో పెళ్ళయితే మాత్రం జగన్‌కే కబురు పంపేవారు. ఊళ్ళో తాతల నాడు ఏ మంగలి కుటుంబం ఏ ఇళ్ళకు పనిచేసేదో, పట్నం వచ్చినా ఆ ఇళ్ళు వాళ్ళవే. అన్నదమ్ముల పంపకంలో ఈ ఇళ్ళు జగన్ వంతుకు వచ్చాయి. పెళ్ళికి ముందు మైలపోలు నాడు పెళ్ళికొడుకును పీట మీద కూర్చోబెట్టి కాలిగోళ్ళు తీయాల్సింది, చెంపకు కత్తి తాకించాల్సింది ఆ ఇంటి మంగలే. రెండేళ్ళ కింద పెద్ద అంబర్‌పేట్ దగ్గర జగన్ బండిని లారీ గుద్దింది. మనిషి దక్కలేదు.

కర్మకాండలు అయ్యాయో లేదో, ఒక మంగళవారం జగన్ అన్న భిక్షపతి కులపెద్దలను వెంటబెట్టుకొని వచ్చాడు. సెలూన్లకు ఆ రోజు సెలవు కదా, పంచాయితీలన్నీ ఆ రోజే. మూసిన షట్టర్ ముందు కుర్చీలు వేసుకొని కూర్చున్నారు.

"గీతా, షాపు నేను చూస్కుంట. పెండ్లిండ్లు గూడ నేనే చేస్కుంట. నీకు తిండికి లోటు రానియ్య. ఆడిమనిషి మగోళ్ళ నెత్తులు పట్టుడేంది, మంది నవ్వరా?" అన్నాడు భిక్షపతి.

"దిల్‌సుఖ్‌నగర్ పార్లర్ల అన్నేండ్లు కత్తెర పట్టిన బావా. అప్పుడు నవ్వని మంది ఇప్పుడెందుకు నవ్వుతరు?"

"గది ఆడోళ్ళ పార్లర్."

"వెంట్రుకలకు ఆడ, మగ ఉంటదా?"

మొగుడి అన్న ముందు నెత్తిన కొంగు కప్పుకొని తల దించుకోవాల్సిన మనిషి ఇట్లా మాటకు మాట అంటుంటే, పెద్దలు ముఖాలు చూసుకున్నారు. "చూస్త, ఎన్నాళ్ళు నడుపుతవో" అని భిక్షపతి లేచాడు. బుధవారం పొద్దున్నే గీత షట్టర్ లేపింది.

మొదట్లో ఈగలు తోలుకోవడమే పని. జగన్ పాత గిరాకీలు అద్దంలో ఆమెను చూసి అట్నుంచి అటే వెళ్ళిపోయేవారు. అప్పుడు వచ్చాడు అభిలాష్. జగన్ ఊరి వాళ్ళబ్బాయే, మారయ్య, రాజమ్మల కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వెళ్ళేవాడు. జుట్టు చూస్తే పొరక పుల్లలే! ఫోన్‌లో బొమ్మ చూపించి, "గిట్ల టెక్స్చర్ కటింగ్ కావాలె గీతక్కా. ఎవ్వలు చేసినా గిన్నె బోర్లిచ్చినట్టు అయితుంది" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

ఆడవాళ్ళకు లేయర్లు కట్ చేసిన చేతులు అవి. మిషన్ పక్కన పెట్టింది. రెండు వేళ్ళ మధ్య కుచ్చు పైకి లాగి, కత్తెర అడ్డంగా పెట్టకుండా మొన నిలువుగా దూర్చి, ఒకచోట పొట్టిగా, పక్కన కాస్త పొడుగ్గా కొరికింది. బరువున్న చోట పళ్ళ కత్తెరతో పలచన చేసింది. అయ్యాక వేళ్ళతో ఒక్కసారి విదిలిస్తే, పొరక కాస్తా అలలు అలలుగా లేచి నిలబడింది.

"ఇగ చెప్తున్న విను. దువ్వెన ముట్టకు. నూనె మాట ఎత్తకు. తల తడిగున్నప్పుడే వేళ్ళతోని పిసికి ఇడిసిపెట్టు, జర పౌడర్ కుదుళ్ళల్ల కొట్టు. నెల దాటనియ్యకు, మల్ల పొరక చేసుకొని ఒచ్చినవంటే నేను ముట్ట!"

వాడు మర్నాడు కోచింగ్‌కు వెళ్ళాడు. ఇంకేముంది, వారం తిరక్కుండానే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు మెట్రో ఎక్కి, ఎల్బీ నగర్‌లో దిగి, ఆటోలు పట్టుకొని రావడం మొదలుపెట్టారు.

రెండేళ్ళు గడిచాయి. అభిలాష్‌కు ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కుదిరింది. పెళ్ళి కటింగ్‌కు వచ్చి కుర్చీలో నీళ్ళు నములుతూ చెప్పాడు. "మైలపోలుకు భిక్షపతి మామ ఒస్తుండట అక్కా. అమ్మ ఆయనకే చెప్పింది."

గీత చేతిలో కత్తెర ఆగిపోయింది. జగన్ పోయాక ఆ ఊరి వాళ్ళ ఇళ్ళల్లో ఇదే మొదటి పెళ్ళి. ఈ గడపలో భిక్షపతి కాలు పెడితే ఇక అన్ని ఇళ్ళూ అతనివే. రేపు షాపు కూడా తమ్ముడిది, నాకే రావాలంటాడు. ఆమెకు మిగిలేది బావ విసిరే ముద్ద. అయినా కటింగ్‌లో ఒక్క కుచ్చు తేడా రానివ్వలేదు.

మైలపోలు నాడు ఆమెను ఎవరూ పిలవలేదు. సంచి భుజాన వేసుకొని తానే వెళ్ళింది. పందిట్లో ఒకటే సందడి, పెళ్ళికొడుకు క్రాపు చూసి చుట్టాలు ముచ్చటపడుతున్నారు. అభిలాష్ పీట మీద ఉన్నాడు. అరచేతి నిండా నూనె పోసుకొని భిక్షపతి వాడి నెత్తికి పట్టించబోతున్నాడు.

"ఆగు బావా! గిది మా ఇల్లు. గీ పని నాది."

సన్నాయి టక్కున ఆగింది. రాజమ్మ గబగబా ఎదురొచ్చి, గొంతు తగ్గించి అంది. "గీతా, నువ్వు మంచిదానివే, నేను కాదంటలేను. కని శుభం జరిగే కాడ... మొగడు పోయినదానివి. నేను చెప్పాల్నా?"

గీతకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. అందరికీ వినపడేట్టే అంది.

"మీ చుట్టాలంత క్రాపు బాగుంది, హీరో లెక్కున్నడు అంటున్నరు గదక్కా. గా క్రాపు ఎవరు చేసిండ్రు? రెండేండ్ల సంది నీ కొడుకు నెత్తి మీద నా చెయ్యే ఉన్నది. నౌకరి అప్పుడే ఒచ్చింది, పిల్ల అప్పుడే కుదిరింది. నా చెయ్యి మంచిది కాదంటవా, సరే. బావకు చెప్పు, గుండు గీకమను. నేను ముట్టిన వెంట్రుక ఒక్కటి గూడ ఉండొద్దు. గీకు బావా, కత్తి తెచ్చుకున్నవు గదా!"

పెళ్ళి పందిట్లో గుండా! ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. అభిలాష్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. కొడుకు గుండు చేయించుకునేది ఎప్పుడు? తండ్రి పోయినప్పుడు. ఆ తండ్రి మారయ్య కొత్త పంచె కట్టుకొని, కుర్చీలో నిక్షేపంగా కూర్చొని ఉన్నాడు. గతుక్కుమని లేచాడు.

"ఓ భిక్షపతీ, కత్తి లోపల పెట్టు! నేనింక బతికే ఉన్న! గీతా, నువ్వు రా బిడ్డా, నీ పని నువ్వు కానియ్యి!"

గీత అప్పటికే పీట ముందు కూర్చుంది. "కుడికాలు ఇటు పెట్టు అభిలాష్" అని గోళ్ళు తీసింది. చెంపకు కత్తి తాకించింది. నూనెను మాత్రం ఆనవాయితీకి ఒక్క చుక్క నడినెత్తిన పెట్టి వదిలేసింది.

రాజమ్మ బియ్యం, ఎండుకొబ్బరి కుడుకల పళ్ళెం పట్టుకొని నిలబడింది. అది మంగలికి ఇవ్వాల్సిన పళ్ళెం. పక్కన భిక్షపతి అలవాటుగా భుజం మీది తువ్వాలు పరిచాడు. గీత లేచి నిలబడి కొంగు పట్టింది. రాజమ్మ ఇద్దరినీ చూసి, పళ్ళెం తెచ్చి కొంగులో ఒంపింది.

గీత కొంగు మూట కట్టుకొని నడుముకు దోపింది.

"మనుమడు పుడితే పుట్టువెంట్రుకలు తీసేది గూడ నేనే అక్కా. ఇప్పుడే చెప్తున్న, యాదుంచుకో."