అన్నయ్య పాటలు, అన్నయ్య

అన్నయ్య గిటారు నేర్చుకున్నది చర్చిలో. అమ్మ ఊడ్పుల్లో పాడే పాటలు అప్పటికే తన నోట్లో ఉండేవి. ఆ రెండూ కలిపి సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో ఎవరికీ అవి పాటల్లా అనిపించలేదు. "బురదలో పాడుకునేవాటికి కరెంటు గిటారేంట్రా?" అని నాన్న నవ్వారు. నాకు మాత్రం వింటుంటే ఒళ్ళు జలదరించేది. ఎందుకో తెలిసేది కాదు.

ఆ పాటలతోనే హైదరాబాద్ వెళ్ళి బ్యాండు పెట్టాడు. కొన్నేళ్లు టీవీల్లో కనిపించాడు. రేవులో పడవ కోసం నిలబడ్డ మనిషి మీద రాసిన పాటైతే కాలేజీ పిల్లలందరికీ నోటికొచ్చు. తర్వాత తాగుడు పట్టుకుంది. అమలాపురంలో ఒక ఫంక్షన్లో జనమంతా గొంతు కలిపి పాడుతుంటే, ఆ పాట సగంలో ఆపేసి స్టేజీ దిగిపోయాడు. వెనకే పరుగెత్తాను. మెట్ల పక్కన గిటారు వాటేసుకుని కూర్చున్నాడు.

"ఏమైందన్నయ్యా?"

"వాళ్ళంతా నాకన్నా బాగా పాడుతున్నారే. ఇంక నేనెందుకు?"

ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అర్థం కాలేదు.

బ్యాండు చెదిరిపోయింది. పెళ్ళీ నిలవలేదు. రాజోలులో మా ఇంటికి వచ్చేశాడు. నాన్న అప్పటికే పోయారు, మా ఆయన మస్కట్‌లో ఉండడంతో ఇంట్లో నేనూ అమ్మే. అన్నయ్య గిటారు ముట్టుకోలేదు. పొద్దున్న మానేస్తానని ఒట్టేసేవాడు, సాయంత్రానికి తూలుతూ వచ్చేవాడు. అన్నం పెట్టనని తిట్టేదాన్ని. తిడుతూనే పెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు ఆటో ఆగింది. అందులో అన్నయ్య పాటే మోగుతోంది. వాకిట్లో కూర్చున్న అన్నయ్య తలెత్తి విన్నాడు.

"ఎవరిదే ఈ పాట? బాగుంది."

"నీదే కదన్నయ్యా!"

"నాదా?" చివరిదాకా విన్నాడు. "కాదులే. ఇంత బాగా నేనెక్కడ రాసేను?" అని లోపలికెళ్ళి పడుకున్నాడు.

ఆట పట్టించాడా? నిజంగానే మర్చిపోయాడా? డాక్టరుగారిని అడిగితే, "లివరు పాడైతే మరుపు వస్తుందండీ. కానీ ఈయన విషయంలో అదేనని చెప్పలేను" అన్నారు. తననే గట్టిగా అడగాలనుకుంటూ ఉండగానే, ఆ వానాకాలం అన్నయ్య పోయాడు.

ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో పిల్లలు గిటార్లతో మా ఇంటికొస్తారు. "ఆ రేవులో నిలబడ్డది ఎవరండీ మేడం? ఆయన ప్రేమించిన అమ్మాయాండీ?" అని అడుగుతారు. ఒకసారి అవునంటాను, ఇంకోసారి కాదంటాను. అమ్మేమో, "నేనేనండీ. సంతకెళ్ళి వచ్చేదాన్ని కదా" అంటుంది.

మొన్న కొత్తపేటలో సంస్మరణ సభ పెట్టి మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళంతా అన్నయ్యది వెన్నలాంటి మనసన్నారు, కష్టాల్లో ఉన్నవాళ్ళకి తోడన్నారు. అమ్మకి శాలువా కప్పారు. తిరుగు బస్సులో అమ్మ నా వైపు తిరిగింది.

"వాళ్ళు చెప్పింది మనోడి గురించేనంటావా?"

"మన అన్నయ్య గురించేనమ్మా."

"మరి మనింట్లో ఉన్నోడెవడే?"

అమ్మ ఒళ్ళో శాలువా మడత విప్పి, అంచు వేళ్ళతో తడిమి చూసింది. "గుడ్డ బానే ఉంది" అంది. నాకు ఏడుపొచ్చేసింది. దేనికో ఇప్పటికీ చెప్పలేను.