సోమలింగం పచ్చ బటను

వెనకాల ఏం జరుగుతుందో తెలియందే మా సోమలింగం ఏ బటనూ నొక్కడు. ఊళ్లోనే వరాఛా పేటలో చుట్టాలింటికి పోతే, లిఫ్టు ఉండగా ఏడంతస్తులూ మెట్లెక్కాడు. భార్య సంతోషి కొత్త మిక్సీ కొంటే, దాన్ని విప్పి చూసి మళ్లీ బిగించేదాకా మూడు రోజులు ఆ ఇంట్లో చట్నీ లేదు.

మరమగ్గాల బస్తీ లింబాయత్‌లో మా ఎదురిల్లే వాళ్లది. పన్నెండేళ్లు మరమగ్గాలు నడిపి, తర్వాత కంప్యూటరు నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇరవై మంది చీరల వ్యాపారుల వెబ్‌సైట్లు ఆయన చేతిలో ఉన్నాయి. ఎక్కడో అద్దెకు తీసుకున్న సర్వరులో వాటిని పెట్టి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొడుతూ కాపలా కాస్తాడు. నేను చదివింది ఐదో తరగతే, కానీ అడగకుండా ఉండలేను. అట్లా ఇదంతా తెలిసింది.

మా పక్కింటి లింగవ్వకు మొగుడు పోయాక చీరల సైటే ఆధారం. అయిపోయిన చీరలకు కూడా ఆర్డర్లు వస్తుంటే, లేవని చెప్పి తిట్లు తినేది. ఫోటోలు తన చేత్తో తానే మార్చుకుంటానని పట్టుబట్టింది. సోమలింగం వారం కూర్చుని, ఫోనులోనే ఫోటోలు మార్చుకునేలా ఒక ప్యానెల్ చేసిచ్చాడు. ఒక్క ఫోటో తీసెయ్యాలంటే పదకొండు ప్రశ్నలు.

“ఇదేంది తమ్మీ, చీర తీస్తున్ననా, ఆస్తి రాసిస్తున్ననా?”

“అన్నీ అవసరమే అక్కా. తప్పుది తీస్తే మళ్ల రాదు.”

“వరాఛాల ఒకాయన ఇస్తడంట. బొమ్మ మీద నొక్కుడే.”

“నొక్కినంక ఎనక ఏమైతదో చెప్పిండా?”

“నాకెందుకు? చీర పోవాలె, అంతే. పెండ్లిళ్ల సీజన్ వచ్చె. శుక్రారం దాక చూస్త. కాకుంటె ఆయన దగ్గరికే పోత.”

లింగవ్వ అన్నదంటే అన్నదే. సోమలింగం గడ్డం కూడా గీసుకోలేదు. “పదకొండు ప్రశ్నలు తొమ్మిదికి దించిన పెద్దమ్మా” అన్నాడు బుధవారం నాతో, కిడ్నీ దానమిచ్చినవాడిలా.

శుక్రవారం లింగవ్వ ఫోనులో కొత్త ప్యానెల్ వచ్చింది. చీర ఫోటో, కింద ఒక పచ్చ బటను. ప్రశ్నల్లేవు. నొక్కితే ఐదు నిమిషాల్లో పాత చీర పోయి కొత్త చీర వచ్చేది. సోమలింగం ఓడిపోయాడని గల్లీ అంతా అనుకున్నాం.

కానీ ఐదు నిమిషాలు ఎందుకు? ఆదివారం మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఎందుకు పట్టింది? నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఒంటిగంటకు, లింగవ్వ బటను నొక్కేవేళకు ఎదురింటి గుమ్మంలో నిలబడ్డాను. సోమలింగం ఫోను మోగింది. తినే కంచం వదిలి, చెయ్యి కడుక్కుని, ఫోటో రెండుసార్లు చూసి, నల్ల తెర మీద టకటకా కొట్టాడు.

“ఏంది సోమలింగం, బటన్ అంటివి?”

“బటనే పెద్దమ్మా. నొక్కితే నాకు తెలుస్తది.”

“మిషన్‌కు అప్పజెప్పరాదా?”

“నిన్న చీర అనుకొని మనుమరాలి ఫోటో పంపింది. మిషనైతే ఆరువందల యాభైకి అమ్మకానికి పెడుతుండె.” గొంతు తగ్గించాడు. “ఆమెకు చెప్పకు. నా చేత్తో నేనే చేస్తున్ననని మస్తు సంబురపడుతుంది.”

నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఈ ఒక్కటి నానబెట్టాను. కాకపోతే లింగవ్వతో ఒక మాట అన్నాను.

“ఒంటిగంటకు నొక్కకే. సర్వరు అన్నం తినే యాళ్ల.”

లింగవ్వ ఫోను పక్కన పెట్టేసింది.

“తిననీ పాపం. పొద్దటిసంది ఒక్కతే చేస్తుంది.”