ఏడేళ్ళ గుర్రం

లాడాలాయన ఒంట్లో విరిగిన ఎముకల సంగతి అడిగితే పొద్దుపోతుంది గానీ, విరగనివి మాత్రం వేళ్ళ మీద చెప్పేయొచ్చు. నలభై ఏళ్ళు గుర్రాల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని లాడాలు కొట్టిన మనిషి. పక్కటెముకలు రెండుసార్లు, మోకాలిచిప్ప ఒకసారి, ముక్కు ఎన్నిసార్లో ఆయనకే గుర్తులేదు. తన్నిన ప్రతి గుర్రాన్నీ తిరిగి తన్నాడు. చనువిస్తే చంకనెక్కుతాయన్నది ఆయన సిద్ధాంతం. మనుషుల దగ్గరా పెద్ద తేడా చూపించలేదు. ఒకసారి పెళ్ళి మాటలకని వెళ్ళి, మాటా మాటా పెరిగి, కాబోయే మామగారి పన్ను రాలగొట్టి వచ్చాడు. ఆ తర్వాత ఎవరూ పిల్లనిస్తామనలేదు, ఆయనా అడగలేదు.

తమ్ముడిది వేరే మట్టి. బండి తోలేవాడు. ఈగని తోలాలన్నా ఎక్కడ దెబ్బ తగులుతుందోనని చెయ్యి మెల్లగా ఊపే రకం. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు బజార్లో ఎవడో ఒకడు వాణ్ణి ఒక దెబ్బ వేసేవాడు, సాయంత్రానికి అన్న వెళ్ళి ఆ వేసినవాడికి నాలుగు వడ్డించి వచ్చేవాడు. అన్నదమ్ముల ఇళ్ళు ఒకే ప్రహరీలో ఉన్నాయి, మధ్యలో పెరడు ఒకటే. లాడాలాయనకి లోకంలో భయమంటూ ఉంటే ఒక్కటే: తమ్ముడు తనతో మాట్లాడ్డం మానేస్తాడేమోనని. ఆ భయం వయసు ఇరవై ఎనిమిదేళ్ళు.

మొన్నామధ్య నీళ్ళ పైపు కోసం పెరట్లో తవ్విస్తుంటే పారకి ఒక పన్ను తగిలింది. తవ్వేవాడు ఆవుదన్నాడు. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, మనిషిదేనని తేల్చేసి, పోలీసులకి చెప్పమని ఒక ఉచిత సలహా కూడా పడేశాడు. తమ్ముడి కూతురు బళ్ళో సైన్సు పంతులమ్మ. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడుస్తుంది. ఆ పన్నుని శుభ్రంగా కడిగి, చీటీ అంటించి బళ్ళో గాజు బీరువాలో పెడదామని పెదనాన్న దగ్గరికి తెచ్చింది. ఏ జంతువుదో, ఎంత వయసుదో రెండు ముక్కలు చెప్తే చాలంది.

లాడాలాయన అరచెయ్యి చాచాడు. గుర్రం కింది దవడలో, ముందు వరసలో, ఎడమ చివరి పన్ను. కొసన నల్లటి గుంట ఉంది. గుంట సరిగ్గా మధ్యలో లేదు, ఓ పక్కకి జారి ఉంది. ఆ జారుడు తన చేతిదేనని ఆయనకి వెంటనే తెలిసిపోయింది.

గుర్రం వయసు దాని పళ్ళే చెబుతాయి. పడుచుదానికి ముందు పళ్ళ కొసన నల్లటి గుంట, గుంట చుట్టూ తెల్లటి అంచు ఉంటాయి. ఎనిమిదేళ్ళు దాటేసరికి ఆ గుంట అరిగి మాయమవుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట సంతలో గుర్రాలమ్మే బేరగాడొకడు ముసలివాటిని పడుచువని అంటగట్టడానికి లాడాలాయనని పిలిపించాడు. పని ఏమంటే పళ్ళని ఆకురాయితో పొట్టి చేసి, కొసన తొలిచి, ఎర్రగా కాల్చిన చువ్వతో గుంట పెట్టడం. ఒకడు గుర్రం పై పెదవికి తాడు వేసి మెలితిప్పి పట్టుకుంటే, ముగ్గురు మెడ మీద పడి అణిచేవాళ్ళు. పొగ, కాలిన ఎముక కంపు, గొంతు లోపల్నుంచి ఒక మూలుగు. ఒక్కరోజులో పదకొండు నోళ్ళు కాల్చాడు. చివరిది తల విదిలించింది, చువ్వ జారింది. సుత్తి పిడితో దాని దవడ మీద ఒకటిచ్చి పని ముగించాడు. తప్పనిపించలేదు సరికదా, తన పనితనాన్ని పట్టుకునే మొనగాడు లేడని మురిసిపోయాడు కూడా.

వారం తిరక్కుండానే తమ్ముడు ఆ చివరి గుర్రాన్ని తోలుకొచ్చాడు. అన్నని ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా కొన్నాడట. వాడి ముఖం వెలిగిపోతోంది. ఏడేళ్ళదన్నారు, నువ్వొకసారి నోరు చూసి చెప్పమన్నాడు. లాడాలాయన దాని నోరు తెరిచి చూశాడు. దొంగకి తేలు కుట్టినట్టయింది. అది ముసలిదని చెబితే, కాల్చిన చెయ్యి ఎవరిదో కూడా చెప్పాలి. మంచి జంతువే, ఏడేళ్ళుంటాయని చెప్పాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. నెల తిరిగేసరికి తమ్ముడు మళ్ళీ వచ్చాడు. గుర్రం ఊరికే ఆయాసపడుతోందని, ఎత్తు ఎక్కలేకపోతోందని దిగులుపడ్డాడు. ఏడేళ్ళదానికి ఆయాసమేంటి, అవన్నీ వేషాలు, నాలుగు తగిలిస్తే దారికొస్తుందని లాడాలాయన కసిరి పంపాడు. అన్న మాటంటే వాడికి వేదవాక్కు. ఏనాడూ కొరడా ఝళిపించి ఎరగనివాడు కొట్టడం మొదలుపెట్టాడు. అలవాటు లేనివాడి దెబ్బకి కొలత ఉండదు. కొరడా అయ్యాక కొరడా పిడి, పిడి విరిగాక దుడ్డుకర్ర. గుర్రం వీపంతా పుండ్లు పడి ఈగలు ముసిరాయి.

ఒక మధ్యాహ్నం కొలిమి ఎదుటి ఎత్తులో గుర్రం మోకాళ్ళ మీద పడిపోయింది. పట్టీలు తెగి బండి వెనక్కి దొర్లింది. చక్రం కింద రాయి పెడదామని తమ్ముడి కూతురు, అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల, వెనకే నిలబడి ఉంది. చక్రం ఆమె కాలి మీంచి పోయింది. ఎముక విరిగిన చప్పుడు కొలిమిలో ఉన్న లాడాలాయనకి వినిపించింది. బయటికి పరుగెత్తాడు. ఎదురొచ్చిన తమ్ముడు ఆయన చేతిలోని సుత్తిని లాక్కున్నాడు. ఆయన బిగించి పట్టుకుంటే ఆ సుత్తిని లాక్కోగలవాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. వదిలేశాడు.

"లే, లే" అంటూ తమ్ముడు కొట్టాడు. ముందు వీపు మీద, తర్వాత నోటి మీద. గుర్రం ఒక్కసారి తలెత్తి వాడి కుడి చెయ్యి అందుకుంది. రెండు వేళ్ళు దాని నోట్లోనే ఉండిపోయాయి. వాడు సుత్తిని ఎడమ చేతికి మార్చుకుని, గుర్రం ప్రాణం పోయేదాకా, పోయాక కూడా కొట్టాడు. నెత్తురు కొలిమి గడప దాకా పారింది. పిల్ల ఆసుపత్రిలో ఉండగా అన్నదమ్ములిద్దరూ గుర్రాన్ని పెరట్లోకి ఈడ్చి పూడ్చేశారు.

తమ్ముడు మళ్ళీ బండి తోలలేదు. ఒక గోదాములో కాపలాకి కుదిరాడు. పొగరుబోతు గుర్రం కావాలనే కూలబడి నా బిడ్డని కుంటిదాన్ని చేసిందన్న ఒక్క మాట పట్టుకుని అన్నేళ్ళూ బతికాడు. వాడు ఆ మాట అన్నప్పుడల్లా లాడాలాయన అవునన్నట్టు తల ఊపేవాడు.

ఇప్పుడు పన్ను చేతిలో పెట్టుకుని, గుర్రానిదని మాత్రం చెప్పాడు. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న తమ్ముడు కూతురివైపు తిరిగాడు.

"ఏడేళ్ళని రాసుకో. మీ పెదనాన్న స్వయంగా నోరు చూసి చెప్పిన వయసు."

ఆమె వెంట తెచ్చుకున్న సైన్సు పుస్తకం తెరిచింది. అందులోని బొమ్మలో ఏడేళ్ళ గుర్రం పన్ను తన వేలంత పొడుగుంది, ముప్పాతిక భాగం దవడ లోపలే. ఇది అందులో సగం కూడా లేదు. ఎందుకని అడిగింది. లాడాలాయనకి తెలుసు. గుర్రం పన్ను అరిగేకొద్దీ లోపల్నుంచి పైకి జరుగుతూ వస్తుంది, ముసలితనానికి దవడలో మిగిలేది కొంచెమే. నోట్లో ఉన్నంతకాలం ఎవరినైనా మోసం చేయొచ్చు, ఊడి చేతిలోకి వచ్చాక కుదరదు. విరిగిందని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది.

ఆ మాట తమ్ముడే అన్నాడు.

"నేనే విరగ్గొట్టి ఉంటాన్లే అమ్మా. నోటి మీదే కొట్టాను కదా." మూడు వేళ్ళ చెయ్యి చొక్కా కిందికి లాక్కున్నాడు.

వాడు ఈ తప్పు కూడా తన నెత్తిన వేసుకోవడం లాడాలాయన భరించలేకపోయాడు. గుర్రాలన్నీ కలిసి తన్నినా అంత నొప్పి పుట్టలేదు.

"విరగలేదురా," అన్నాడు. "అరిగిపోయింది. అది ముసలిది. ఆ గుంట నేను కాల్చి పెట్టిందే. నువ్వు తెచ్చిన రోజే నాకు తెలుసు."

తమ్ముడు లేచాడు. మొదటి దెబ్బ నోటి మీద పడింది. అరవై దాటినవాడి మూడు వేళ్ళ పిడికిలే అయినా లాడాలాయన పెదవి చీలింది, ఆయన వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు. రెండోది ముక్కు మీద, మూడోది చెవి మీద. తగిలిన ప్రతి దెబ్బకీ జీవితమంతా బదులిచ్చిన చేతులు పక్కన వేలాడుతూ ఉండిపోయాయి. కూతురు అడ్డం పడింది. వాడు ఎవరని చూడకుండా తోసేశాడు. బలహీనమైన కాలు మడతపడి ఆమె నేల మీద పడింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి ఆమె మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. ఆమె కింద నుంచి తండ్రిని చూసింది. అప్పుడు ఆగాడు.

"ఎన్నేళ్ళది?" అని రొప్పుతూ అడిగాడు.

"ఇరవై రెండు."

కూతుర్ని లేవదీయడానికి వంగబోయి, అక్కడే కూలబడ్డాడు. ఆనాడు సుత్తి పట్టిన ఎడమ చేతిని చూసుకున్నాడు.

"లే, లే అని కొట్టాను. లేవనని మొండికేసిందనుకున్నాను అన్నయ్యా," అన్నాడు. "లేవలేకపోయింది."

అన్నతో వాడు మాట్లాడిన ఆఖరి మాట అది. తమ్ముడి కూతురు, లాడాలాయన చాచిన చెయ్యి అందుకోకుండా, గోడ పట్టుకుని లేచింది.