పొయ్యి కింది కాలువ

సర్జాపుర రోడ్డు పక్కన మా వీధిలో ఎవరినడిగినా సొన్నప్పను వాచ్‌మన్ అనే చెబుతారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన నీరుగంటి. చెరువు తూము తీసి, ఏ మడికి ఎన్ని నీళ్ళో చూసి వదిలిన మనిషి. వానలకు ముందే మరవ దగ్గర, అంటే నిండిన చెరువు పొర్లిపోయే చోట, మన్ను తీసేవాడు. అక్కడి నుంచి కింది చెరువు దాకా పార భుజాన వేసుకుని కాలువ వెంబడి నడిచేవాడు. అందుకు రైతులు కళ్ళంలోనే ఆయనకు రాగులు కొలిచేవారు.

తర్వాత పొలాలు సైట్లయ్యాయి. చెరువు ఎండింది, రాగులు ఆగాయి. సొన్నప్ప ఒక లేఔటుకు కాపలా కూర్చున్నాడు. అంత తెలిసినవాడూ చివరికి ఎండిన కాలువ పూడ్చి, దాని మీదే రెండు గదులు వేసుకున్నాడు. "ఇంక ఈ చెరువు మరవ పోయేది యాడుండాదప్పా" అన్నాడు నాతో. నేనూ తలూపాను. నా బుద్ధి మాత్రం ఏపాటిది?

రెండేళ్ళ కిందట సెప్టెంబరులో చెరువు నిండి మరవ పోయింది. పైనంతా మట్టి కనబడకుండా సిమెంటు పరిచారు కదా, చుక్క ఇంకలేదు. పై చెరువులు ఒకదాని తర్వాత ఒకటి పొర్లి మా చెరువు మీద పడ్డాయి. మరవ దాటిన నీళ్ళు కాలువ దొరకక కింది సందులోకి తిరిగాయి. రేకుల ఇళ్ళలో నడుము లోతు. బట్టలు కుట్టే అర్పిత పసిబిడ్డను ఎత్తుకుని కుట్టుమిషన్ మీద నిలబడి ఉంటే, తాడు వేసి లాగాం. సొన్నప్ప కూడా ఆ తాడు పట్టాడు.

నీళ్ళు తగ్గాక అశోక్‌కుమార్ అనే సర్వేయరు వచ్చాడు. పాత పటంలో కాలువ గీత చెరిగిపోయింది, హద్దురాళ్ళు ఎప్పుడో మాయమయ్యాయి. కాలువ ఎక్కడని అడిగితే ప్రతివాడూ పక్కవాడి గోడ చూపించాడు. సొన్నప్ప నోరు మెదపకపోతే ఆయన ఇల్లు ఆయనకు ఉండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఊరుకోమని నేనూ సైగ చేశాను.

ఆయన ఇంట్లోకి పోయి పార తెచ్చాడు. మరవ దగ్గర మొదలుపెట్టి, వెనకటిలాగే నడుచుకుంటూ వచ్చి, తన వంటింటి గోడకు పార ఆనించాడు.

"ఈడే సార్. ఈ పొయ్యి కిందనే పోతాది."

ఆయన భార్య పుల్లమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. "ఇరవై ఏండ్లు ఈడ సంగటి కెలికితిని. నాకొక మాట చెప్పింటే ఏమి?"

"చెప్పింటే నువ్వు కట్టనిచ్చేదానివి కాదు" అన్నాడు సొన్నప్ప.

వారంలో ఆ ఇల్లూ, దాని వెనక ఇంకో మూడు గోడలూ కూలగొట్టి కాలువ తవ్వారు. ముసలివాళ్ళిద్దరూ నా కొట్టు వెనక గదిలో చేరారు. ఆ రోజే పుల్లమ్మ ఆ పారను నా బియ్యం మూటల వెనక పడేసింది. "ఈయప్పకు ఇంక ఇది ఇయ్యొద్దు మునీంద్రా" అంది. అప్పటి నుంచి ఆయనతో సరిగ్గా మాట్లాడిందీ లేదు.

ఈ సెప్టెంబరులో చెరువు మళ్ళీ నిండింది. పుల్లమ్మ గొడుగు వేసుకుని తన వంటిల్లు ఉన్న చోటికి పోయింది. పొయ్యి ఉన్నచోట నీళ్ళు పరుగెడుతున్నాయి. కింది సందు తడిసిందే గానీ మునగలేదు, అర్పిత మిషన్ ఆడుతూనే ఉంది. చాలాసేపటికి పుల్లమ్మ తిరిగొచ్చి, మూటల వెనక చెయ్యి పెట్టి పార లాగి, మొగుడి ముందు పెట్టింది.

"పో. మరవకాడ మన్ను నిలిచుండాది."