తుపాకీ మడమ మీద పేరు

నా చిన్నప్పుడు మా ఇంటికి తుపాకులు వచ్చేవంటే ఎవరూ నమ్మరు. నిజానికి వచ్చేవి తుపాకులు కావు, వాటి కర్రలు. ఇనుమంతా బాపట్లలో ఒక డాక్టరుగారి ఇంట్లో, లైసెన్సు కాగితాలతో పాటు బీరువాలో తాళం వేసి ఉండేది. కర్ర భాగాన్ని మాత్రం విప్పి, పాత దుప్పట్లో చుట్టి, ఆయన పాసింజరు రైల్లో తెనాలి తెచ్చి మా తాతయ్య చేతికిచ్చేవారు.

డాక్టరుగారు వయసులో ఉన్నప్పుడు రష్యాలో వైద్యం చదువుకున్నారు. తిరిగొచ్చాక ఆ దేశపు పాత సైనిక తుపాకుల మీద ఇష్టం పెంచుకున్నారు. ఆయన దగ్గర పూర్తి తుపాకులు రెండే ఉండేవి, అవి కూడా పేలవు. విడి కర్రలు మాత్రం పదకొండు ఉండేవి. మా తాతయ్య అమ్మకు నాన్న. మిలిటరీ వర్క్‌షాపులో వడ్రంగిగా చాలా ఏళ్ళు తుపాకీ కర్రలు బాగుచేసి, రిటైరై తెనాలిలో చిన్న పనిశాల పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరికీ ఎలా పరిచయమైందో నాకు తెలియదు. అమ్మానాన్నలు రేపల్లెలో టీచర్లు. నన్ను తెనాలిలో చదివించాలని తాతయ్య దగ్గర ఉంచారు. అప్పుడు నేను నాలుగో తరగతి.

ఆ కర్రలు మన టేకులా ఉండేవి కావు. చలిదేశపు చెట్టట, లేత రంగు. పైన ఎర్రటి లక్క పూత ముదిరి, చేతులు పడ్డచోట నల్లబడి ఉండేది. ఒక్కోదాని మీద చిన్న నక్షత్రం గుర్తు, కొన్ని అంకెలు ముద్ర కొట్టి ఉండేవి. ఎదురింటి సోడా కొట్టు మామయ్య ఆ నక్షత్రం చూసినప్పుడల్లా, "ఏంటి మేస్త్రీ, కమ్యూనిస్టు పార్టీ ఆఫీసుకి కర్రలు చేస్తున్నావా?" అనేవాడు. తాతయ్య చిత్రిక పట్టడం ఆపకుండానే, "నీ సోడాలు ఆ ఆఫీసువాళ్ళేగా తాగేది, వెళ్ళి బిల్లు అడుగు" అనేవాడు.

తాతయ్యకు ఏడాదికొకసారి తప్పకుండా వచ్చే పని ఇంకొకటుండేది. క్రిస్మస్ ముందు మా చర్చి బల్లలన్నిటినీ గరుకు కాగితంతో రుద్ది పాలిష్ పెట్టాలి. మగపిల్లలు వెనక బల్లల్లో కూర్చుని, కంపాస్ ముల్లుతో పేర్లు చెక్కేవారు. ప్రసంగం ఎంత పొడుగైతే పేరంత లోతు అని తాతయ్య నవ్వేవాడు. ఆ పేర్లు తీసే పని నాది. చిన్న వేళ్ళయితే గీత వెంబడే రుద్దగలవని నాకు నేర్పించాడు. గీత కనపడకుండా పోయాక అరచేత్తో తడిమి, "చెయ్యి తిరిగిందే నీకు" అనేవాడు. ఆ మాట కోసం ఎన్ని పేర్లయినా తీసేదాన్ని.

ఆ ఏడాది చర్చి పని అయిపోయిన వారానికే డాక్టరుగారు ఒక కొత్త కర్ర తెచ్చారు. నాకు కొత్తవాళ్ళంటే భయం. పాతవాళ్ళన్నా భయమే. ఎవరు గుమ్మంలోకి వచ్చినా పెరట్లోకి పోయి, నీళ్ళ డ్రమ్ము వెనక నిలబడేదాన్ని. ఆ రోజూ అంతే. లోపల వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, నేను వినలేదు. ఆయన వెళ్ళాకే వచ్చాను.

మర్నాడు శనివారం. తాతయ్య కర్ర పగులుకు బంక పెట్టి, ఆరబెట్టి, కలప అడితికి వెళ్ళాడు. నేను దాని దగ్గర కూర్చున్నాను. తుపాకీని భుజానికి ఆనించే వెనక భాగాన్ని మడమ అంటారు. ఆ మడమ మీద కత్తితో చెక్కిన మూడు అక్షరాలు కనిపించాయి. మొదటిది అద్దంలో చూసిన ఇంగ్లీషు ఆర్ లా తిరగబడి ఉంది. రెండోది మూడే పళ్ళున్న దువ్వెన. మూడోది మామూలు ఏ. భలే ఉన్నాయనిపించింది. రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే బొమ్మ పడుతుందిగా, అలా నా నోటుపుస్తకంలో పేజీని వాటి మీద పరిచి పెన్సిలు రుద్దాను. అక్షరాలు తెల్లగా తేలాయి. పక్కన తేదీ వేసుకున్నాను. నచ్చినవన్నీ అలా పుస్తకంలో దాచుకునే అలవాటు నాకు అప్పటికే ఉండేది.

తర్వాత గరుకు కాగితం తీసుకున్నాను. పేరు చెక్కిన కర్ర పాడైన కర్రే అని నాకు తెలిసిన చదువు. గంటసేపు ఒద్దికగా రుద్దాను. లక్క లేచిపోయింది, గీతలు పోయాయి, కింద కర్ర వెన్నముద్దలా బయటపడింది. తాతయ్య రాగానే చూపించాను.

తాతయ్య అరచెయ్యి పెట్టి తడిమాడు. కానీ నేను ఎదురుచూసిన మాట అనలేదు. పీట మీద కూర్చుండిపోయాడు.

"ఇక్కడ ఉండాలి కదమ్మడూ, మూడక్షరాలు."

"తీసేశానుగా తాతయ్యా. చర్చి బల్లల మీద తీసినట్టే."

వంటింట్లోంచి అమ్మమ్మ అంది, "మీరు నేర్పిందేగా, మళ్ళీ పిల్లని అలా చూడటమేంటి?"

అప్పుడు చెప్పాడు. డాక్టరుగారు పగులు ఒక్కటే అతికించమన్నారు. ఆ అక్షరాల జోలికి పోవద్దని, పూత కూడా ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి వెళ్ళారు. అది ఒక సిపాయి తన చేత్తో చెక్కుకున్న పేరట. మిగతా పదింటి మీదా కార్ఖానా ముద్రలే ఉన్నాయి, మనిషి పేరు ఈ ఒక్కదాని మీదే ఉంది. అందుకే దీన్ని ఎంతో తిరిగి సంపాదించారు.

నోటుపుస్తకం తెచ్చి పేజీ చూపించాను. దీన్ని చూసి మళ్ళీ చెక్కెయ్యమని, ఆయనకు తెలియదని ఏడ్చాను. తాతయ్య ఆ పేజీని చాలాసేపు చూశాడు. సరేనన్నట్టే లేచాడు. కానీ తీసుకున్నది ఆ కర్ర కాదు, మూల పడి ఉన్న ఒక చెక్క ముక్క. పేజీని దాని మీద పెట్టి కొలతలు గుర్తు పెట్టుకుని, చిన్న ఉలితో మూడక్షరాలూ చెక్కాడు. ఎర్ర లక్క పూశాడు. టీ డికాషను, దీపపు మసి కలిపి గీతల్లోకి రుద్దాడు, గుడ్డతో తుడిచాడు. సాయంత్రానికి అది ఎన్నేళ్ళ నాటిదో అన్నట్టు తయారైంది. పొద్దున నేను చూసిన అక్షరాలే.

"ఇది ఎవరు రాశారు?" అని అడిగాడు.

"నువ్వే."

"మరి పొద్దున ఉన్నవి?"

"ఆ సిపాయి."

"ఇదే ఆ కర్ర మీద చెక్కి ఇస్తే డాక్టరుగారు కనిపెట్టలేరు. రోజూ దాని మీద చెయ్యేసి సిపాయిని తలుచుకుంటారు. అక్కడ ఉండేది నేను. ఆయన్ని చూసినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది. నీకూ వస్తుంది." ఇంతే అన్నాడు. ఆ చెక్క ముక్కను పొయ్యిలో పెట్టమని అమ్మమ్మకిచ్చాడు. "సోమవారం బాపట్ల వెళ్దాం. నువ్వే చెబుదువుగాని."

ఆ రెండు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. తాతయ్య తిడతాడనీ కాదు, డాక్టరుగారు కొడతారనీ కాదు. ఒక కొత్త మనిషి ముందు నోరు తెరవాలి. నా మూలంగా ఆయన ఇక తాతయ్యను నమ్మకపోతే ఎలాగన్నది ఇంకో భయం. తాతయ్యకు ఆ కర్రల పనంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.

రైల్లో దుప్పటి చుట్ట మా ఇద్దరి ఒళ్ళో అడ్డంగా ఉంది. నిడుబ్రోలులో ఎక్కిన ఒకావిడ, "పాపకి క్రికెట్ బ్యాటా బాబాయ్?" అని అడిగింది. తాతయ్య "అలాంటిదే అమ్మాయ్" అన్నాడు.

డాక్టరుగారు వరండాలోనే దుప్పటి విప్పారు. పగులు చూసి తలూపారు. కర్ర తిప్పారు. బొటనవేలు ఆ చోటికి వెళ్ళి, ఏమీ దొరక్క అక్కడే తిరిగింది. తాతయ్య మా వల్ల పొరపాటు జరిగిందండి అని మొదలుపెట్టి, నా వైపు చూసి ఆగాడు.

"నేనేనండి" అన్నాను.

"ఏంటమ్మా? వినపడలేదు."

"నేనేనండి తీసింది. మురికనుకున్నానండి."

ఆయన నవ్వలేదు. "మురికేనమ్మా. అరవై ఏళ్ళ మురికి. దానికోసమే కొన్నాను" అన్నారు. తర్వాత తాతయ్యతో, "ఫొటో కూడా తీయించలేదు మేస్త్రీ. ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను" అన్నారు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కోపం ఉంటే తేలికగా ఉండేది.

నేను పుస్తకం తెరిచి పేజీ చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, పేజీని వెలుతురుకు అటూ ఇటూ వంచారు. "యాషా" అని మెల్లగా చదివారు. అది అక్కడ అబ్బాయిల ముద్దుపేరట. దువ్వెన చివరి పంటి దగ్గర కత్తి జారి ఒక సన్నని గీత బయటికి పోయింది. అది కూడా పెన్సిల్లో పడింది. దాని మీద వేలు పెట్టి అడిగారు.

"ఇదెప్పుడు చేశావు?"

"తీసే ముందండి."

"ఎందుకు చేశావు?"

"బాగున్నాయండి."

"బాగున్నాయని దాచుకుని, మురికని తీసేశావు."

"అవునండి."

తాతయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వాపుకోవడానికని తర్వాత రైల్లో చెప్పాడు.

డాక్టరుగారు నా చేతికి పెన్నిచ్చారు. ఆ పేజీ కిందే రాయమన్నారు. ఈ అక్షరాలు ఈ కర్ర మీద ఉండేవి, తెలియక నేను చెరిపాను, చెరపకముందు ఇలా ఉన్నాయి అని రాసి, పేరూ ఊరూ పెట్టాను. పేజీ చింపి ఇచ్చాను. నా పుస్తకాల్లోంచి నేను చింపిన పేజీ అదొక్కటే. ఆ రకం తుపాకీ మడమలో, శుభ్రం చేసే సామాను దాచుకోవడానికి ఒక చిన్న గొయ్యి ఉంటుంది. కాగితం సన్నగా చుట్టి అందులో పెట్టి మూత నొక్కేశారు. ఫర్వాలేదని మాత్రం అనలేదు. ఫర్వాలేదనే విషయం కాదని నాకూ తెలుసు.

మేం గేటు దాటుతుంటే వెనక నుంచి పిలిచారు. "మేస్త్రీ, వచ్చే నెల ఇంకోటి తెస్తాను."

తాతయ్య వెనక్కి తిరిగి, "తీసుకురండి. ఈసారి చెప్పేదేదో మా అమ్మడి ముందు చెప్పండి" అన్నాడు.

అప్పటినుంచి ఎవరొచ్చినా నేను డ్రమ్ము వెనక్కి పోలేదు. పోవాలనిపించేది, కానీ తాతయ్య పక్కన నిలబడి వినేదాన్ని. మరుసటి క్రిస్మస్‌కు చర్చి బల్లలు రుద్దే ముందు తాతయ్య నాకొక పెన్సిలిచ్చాడు. ముందు పేర్లన్నీ కాగితం మీదికి ఎత్తి, తర్వాతే తీశాం. ఒక బల్ల అడుగున, మేం ఎప్పుడూ రుద్దని చోట, మా సొంత మావయ్య చిన్నప్పుడు చెక్కిన పేరు కూడా దొరికింది, ఒక అక్షరం తప్పుగా.

ఇప్పుడు తాతయ్య లేడు. డాక్టరుగారు పోయాక తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించారని విన్నాను. కర్రలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఎక్కడో ఒక మడమ గోతిలో, యాషా పేరు కింద, నాలుగో తరగతి చేతిరాతలో నా పేరుండాలి.

చర్చి బల్లలకు ఇప్పుడు వేరేవాళ్ళు మెషీనుతో పాలిష్ పెడుతున్నారు. వాళ్ళొచ్చే ముందు రోజు నేను పెన్సిలు, కాగితాలు పట్టుకుని వెళతాను. ఎవరితోనూ మాట్లాడే పని లేదు కాబట్టి అది నాకు కష్టం కాదు. కష్టమైనది ఇంకొకటుంది. ఆఫీసులో గానీ ఇంట్లో గానీ నా వల్ల ఏదైనా పాడైనప్పుడు, లేచి నిలబడి "నేనేనండి" అంటాను. మొదటిసారి ఎవరికీ వినపడదు. రెండోసారి చెబుతాను.